తడి గోళ్ళు

"సెయ్యి వదులుగా ఒగ్గేయండమ్మా. బిగించేత్తే రంగు పక్కకి పోద్ది," అంది నూకాలు తల ఎత్తకుండానే.

ఎత్తి చూడవలసిన పని లేదు. గడప దగ్గర చెప్పులు విప్పుకుంటూ ఆవిడ ద్వారబంధానికి ఆనించిన చేతిని చూసినప్పుడే పోల్చుకుంది. బొటనవేలి మొదట్లో మినపగింజంత పుట్టుమచ్చ. మొహాన్ని బట్టి అయితే ఏ జన్మకీ పోల్చుకోగలిగేది కాదు. కళ్ళజోడు వచ్చింది, గడ్డం కింద కండ దిగింది, పాపిట పక్కన తెల్లవెంట్రుకలు రంగు కిందనుంచి తొంగి చూస్తున్నాయి. మొహాలు మారిపోతాయి, చెయ్యి మారదు. గౌరీశ్వరి టీచరు చెయ్యి. ఏడో తరగతి లెక్కల టీచరు చెయ్యి. ఇప్పుడది తన ఎడమ అరచేతిలో చచ్చిన పిట్టలా మెత్తగా పడి ఉంది, మెటికల దగ్గర చర్మం ఎండి గీతలు పడింది, గోటి మొదళ్ళలో సుద్దముక్క పొడి ఇంకా తెల్లగా ఇరుక్కుని ఉంది. నూకాలుకు కోపం వచ్చింది, ఈ చెయ్యి ఇంత మామూలుగా ఉన్నందుకు. పద్నాలుగేళ్ళు దీన్ని కలలో చూసింది. కలలో దీనికి ఇనప పట్టు, పొడుగాటి వేళ్ళు. అసలైన చెయ్యి కూరలు తరిగే ఏ ఇల్లాలి చెయ్యి లాగో ఉంది. చిటికెన వేలి గోరు మీద మొదటి పూత పెట్టింది, మధ్యలో ఒక గీత, అటొకటి ఇటొకటి, మూడు దెబ్బల్లో గోరంతా నిండాలి, నాలుగోసారి కుంచె తగిలిందంటే గీతలు పడుతుంది. పడలేదు. ఇంత పగ పెట్టుకుని కూడా తన చెయ్యి వణకనందుకు తన మీద తనకే చిన్న గర్వం కలిగింది, ఆ గర్వం కలిగినందుకు మళ్ళీ కోపం.

ఎందుకు వచ్చిందీవిడ? సీతమ్మధార మేడల్లోని ఆడవాళ్ళు చేపలవాళ్ళ జాలారిపేటకు రారు. రిక్షా పంపిస్తారు, నూకాలే సీసాల పెట్టె చంకన పెట్టుకుని వెళ్తుంది, వరండాలో చాప వేస్తారు, పెళ్ళికూతురి వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని పూలూ చుక్కలూ పెట్టి వస్తుంది. ఈవిడ మాత్రం ఒంటరిగా, మిట్టమధ్యాహ్నం, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని సందు మొదలునుంచీ ఇల్లు అడుక్కుంటూ వచ్చింది. అరుగు ముందు అమ్మ గంగాలమ్మ పాత వల పరిచి నెత్తళ్ళు ఎండబోసి, కాకులకు కర్ర పట్టుకుని కూర్చుంటే, ఆ ఎండు చేపలకు చీర అంచు తగలకుండా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దాటింది. "భీమశంకరరావు గారింట్లో నీ పని చూశానమ్మాయ్, పెళ్ళిలో. వాళ్ళబ్బాయికే మా అమ్మాయినిస్తున్నాం. రేపు నిశ్చితార్థం. అందరూ చేతులు చూస్తారు కదా," అంది పీట మీద కూర్చుంటూ. అన్నీ చెప్పింది. పేరు మాత్రం అడగలేదు. వచ్చిన ప్రతి మనిషీ మొదట అడిగేది పేరే, "నీ పేరేంటమ్మాయ్, ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావ్, ఎవరు నేర్పారు?" ఈవిడ అడగలేదు. అడగని ఆ ప్రశ్న గదిలో మూడో మనిషిలా కూర్చుంది. తెలిసే వచ్చిందా? తెలిస్తే ఈ గడప ఎలా తొక్కుతుంది? తెలియకపోతే పిలిపించుకోక ఇంత దూరం ఎందుకు నడుస్తుంది? ఉంగరపు వేలు, మధ్యవేలు. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. ఈ ఊరి ఉప్పుగాలికి రంగు ఒకంతట ఆరదు, ఫ్యాను లేకపోతే మరీను. టీచరు ముక్కు మీద చెమట పుట్టింది.

మూత తీసిన సీసాలోంచి ఘాటు గదంతా వ్యాపించింది. మిగతా ఆడవాళ్ళకు అది పెళ్ళివాసన. నూకాలుకు అది ప్రార్థన గంట వాసన, పన్నెండేళ్ళ వయసు వాసన, డెబ్బై రెండులో చలికాలం. ఇనపరాయి ఎక్కించుకోవడానికి వచ్చిన జపాను ఓడలు యారాడ కొండ అవతల లంగరు వేసుకుని రోజుల తరబడి నిలబడేవి, రాత్రిపూట సముద్రం మీద ఇంకో ఊరు వెలిసినట్టు దీపాలు. అయ్య సూరన్న తెప్ప మీద వేటకు పోయి వస్తూ ఒక తెల్లవారుజామున ఓడ పక్కకు వెళ్ళాడట. పైనుంచి వంటవాడు తాడు కట్టి బుట్ట దించాడట. అయ్య రెండు వంజరం చేపలు అందులో వేస్తే, బుట్ట పైకి పోయి, మళ్ళీ దిగినప్పుడు అందులో రెండు సబ్బులు, ఒక సీసా. బొటనవేలంత సీసా. ముత్యం నలగ్గొట్టి గులాబీలో కలిపినట్టుండే రంగు, మీద ముగ్గుల్లాంటి అక్షరాలు. అయ్య దాన్ని మొలలో దాచి తెచ్చి, పడవల వెనక్కి పిలిచి ఇచ్చాడు. "ఎవురికీ సెప్పకే గుంటా. మీ అమ్మకి కూడా. కుళాయి కాడ నోరు జారిందంటే కస్టమ్సోళ్ళు నన్నట్టుకుపోతారు. అడిగితే బళ్ళో నేస్తురాలు రాసిందను." ఆ నెలలోనే పక్క పేటలో ఇద్దర్ని అలాగే పట్టుకుపోయారు, ఓడ సరుకు దొరికిందని. అయ్య మొహంలో భయం ఉంది, దాని మీద నవ్వు ఉంది. ఆ నవ్వు కోసమే ఆ సీసా ఎన్నిసార్లు మూత తీసి వాసన చూసిందో. పడవ నీడలో కూర్చుని పదివేళ్ళకూ రాసుకుంది, చర్మమంతా పూసేసుకుంది, తర్వాత చీపురు పుల్ల విరిచి, అమ్మ వక్కాకు సున్నంలో ముంచి, గోరుకొక చుక్క పెట్టుకుంది. ఒక్క చుక్క. అంతే, గోరు గోరులా కాక ఏదో పువ్వుగింజలా కనిపించింది. ఆ క్షణాన్ని మించిన సంతోషం తన బతుకులో ఇంకోటి ఉందా అని పెళ్ళిరోజున కూడా వెతుక్కుంది నూకాలు. లేదు. మర్నాడు సోమవారం.

"కొంచెం నొప్పిగా పట్టుకున్నావమ్మాయ్," అంది టీచరు.

చూసుకుంటే నిజమే, మణికట్టు మీద తన వేళ్ళ గుర్తులు తెల్లగా పడి ఉన్నాయి. "కదిలిపోద్దనమ్మా," అంది నూకాలు, పట్టు సడలించింది, పూర్తిగా కాదు. ఆ సోమవారం ఈ చెయ్యి తన మణికట్టును ఇలాగే పట్టుకుంది. బడంతా వరసలు కట్టి నిలబడి ఉంది. గౌరీశ్వరి టీచరు అప్పుడు బడికే అందం, ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, గంజి పెట్టిన చీరలు, ఆవిడ గోళ్ళు చూడ్డానికే ఆడపిల్లలు ముందు బల్లల్లో కూర్చునేవారు. ఆ గోళ్ళూ అదే రంగు. వన్ టౌన్‌లో ఫారిన్ సరుకు అమ్మే కొట్లో కొనుక్కుంది కాబోలు, ఆ కొట్టుకు సరుకు ఏ ఓడ బుట్టలోంచి దిగిందో ఎవరూ అడగరు. శనివారం నుంచి ఆవిడ సీసా కనిపించడం లేదు. సోమవారం పొద్దున జాలారిపేట పిల్ల పదివేళ్ళకూ అదే ముత్యపు గులాబీ. "ఇదెక్కడిది నీకు?" "నేస్తురాలు రాసిందండి." "ఏ నేస్తురాలు? పేరు చెప్పు." పేరు లేదు. "మీ పేటలో జపాను రంగులు అమ్ముతున్నారా?" వరసలన్నీ నవ్వాయి. సొరచేప నవ్వితే ఎలా ఉంటుందో అలా, అన్నీ పళ్ళే. టీచరు పెన్సిలు చెక్కే బ్లేడు తీసి ఆయా అసిరమ్మ చేతికిచ్చింది, తను మణికట్టు పట్టుకుంది. "గీకెయ్." అసిరమ్మ ముసలిది, కళ్ళు సరిగ్గా ఆనవు, గీకుతూ "నానేటి సేసేది తల్లీ, నానేటి సేసేది" అని గొణుగుతోంది. ఆరు వేళ్ళు అయ్యాయి. ఏడోది గోరుతోపాటు చర్మం లేచి రక్తం రంగులో కలిసిపోయింది, ఏది రంగో ఏది రక్తమో తెలియలేదు. హెడ్‌మాస్టరు "ఇక చాలు" అన్నాడు. మూడు గోళ్ళ మీద రంగు అలాగే మిగిలిపోయి, గోరు పెరిగే కొద్దీ మెల్లగా పైకి జరిగి, కత్తిరించేదాకా రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఏ నీళ్ళకు వెళ్ళినా ఆ మూడు గోళ్ళనే చూశారు జనం.

చూపుడు వేలు, బొటనవేలు. ఎడమ చెయ్యి పూత అయింది. కుడి చెయ్యి అందుకుంది. ఈ చేత్తోనే ఆవిడ లెక్కలు దిద్దేది. తన పరీక్ష కాగితం మీద ఒకసారి "చాలా బాగుంది" అని కూడా రాసింది, త్రైమాసికంలో నూటికి తొంభై ఒకటి వచ్చినప్పుడు. అది గుర్తు రావడం నూకాలుకు నచ్చలేదు. పగ పెట్టుకున్న మనిషిలో మంచి ముక్క ఒకటి ఉండకూడదు, ఉంటే అది గొంతులో చేపముల్లులా అడ్డం పడుతుంది, మింగలేం, కక్కలేం. దాన్ని పక్కకు నెట్టి, పెట్టెలోంచి నైలాన్ వల ముక్క తీసింది. ఇది తన సొంత విద్య. మొగుడు ఎల్లారావు హార్బర్లో బోటు ఇంజను నడుపుతాడు. చిరిగిన వలలో సన్నకన్ను ఉన్న చోట చూసి కత్తిరించి తెస్తాడు, "ఇదిగోనే నీ బంగారం" అంటూ. పూత కొంచెం బిగిశాక వల ముక్కను గోటి మీద లాగిపట్టి, పైన ముదురు రంగు అద్ది, ఊపిరి బిగబట్టి ఎత్తితే, గోటినిండా చేప పొలుసులు. సీతమ్మధారలో దాన్ని నెట్ డిజైను అంటారు, ద్వారకా నగర్లో ఒక డాక్టరమ్మ పైనాపిల్ డిజైను అంది. చేప పొలుసని ఎవరూ అనరు, అంటే చెయ్యి లాక్కుంటారేమో. అద్దింది. ఎత్తింది. గౌరీశ్వరి టీచరు ఉంగరపు వేలు చేపపిల్లలా మెరిసింది. "అబ్బ," అంది ఆవిడ, నిజంగానే. ఆ అబ్బ నిజమైనందుకు నూకాలు ఒళ్ళు మండింది.

బయట కర్ర చప్పుడు, కాకి ఎగిరిన చప్పుడు. "ఏటే నూకాలూ, నా సుట్టల డబ్బా సూసినావా?" అని అమ్మ కేక. "నీ పక్కనే ఉంటాది సూసుకో," అని ఇక్కణ్ణుంచే అరిచింది. ఒక్క నిమిషానికి, "ఆఁ, ఉంది." అంతే. ఏమీ లేని మాటే. కానీ ఇంట్లో ఏది కనపడకపోయినా అమ్మ నోట్లోంచి మొదట వచ్చేది నూకాలు పేరే, పద్నాలుగేళ్ళుగా. దొంగ అని ఒక్కసారి అనలేదు. అంటే తిరగబడి ఏడవొచ్చు. అనకుండా చూస్తుంది. గంగమ్మ జాతరనాడు ముక్కర పోతే పేటంతా వెతికి, చివరికి నూకాలు గుడ్డలు దులిపింది. ముక్కర చేటలో బియ్యంలో దొరికితే ఏమీ అనకుండా పెట్టుకుంది. అయ్య పోయాక తన దగ్గరికే వచ్చి ఉంటోంది, తన తిండే తింటోంది, అయినా ట్రంకుపెట్టె తాళం మొలనే, పెట్టెలోంచి ఏదైనా కావాలంటే అల్లుణ్ణి పిలుస్తుంది గాని కూతుర్ని పిలవదు. అమ్మకు తెలిసిందల్లా బడివాళ్ళు చెప్పిందే. ఇంట్లో రంగుసీసా కొనే మొగాడు లేడు, నేస్తురాలి మాట అబద్ధమని తేలింది, మరి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? అమ్మ లెక్క సరైన లెక్కే. అందులో ఒక అంకె దాచిపెట్టినవాడు అయ్య.

ఆవేళ అయ్యను బడికి పిలిపించారు. తెప్ప ఒడ్డుకు చేరిన వెంటనే, తడి గోచీ మీద తుండు చుట్టుకుని, ఒంటికి అంటిన ఇసక రాలుతూ వచ్చాడు. వరండా మెట్టు ఎక్కలేదు, ఎక్కమని ఎవరూ అనలేదు. హెడ్‌మాస్టరు అడిగాడు, "ఈ రంగు నువ్వు కొనిచ్చావా మీ అమ్మాయికి?" నూకాలు అయ్య వైపు చూసింది. ఏడుపు కూడా ఆగిపోయింది, అంత నమ్మకంగా చూసింది. అయ్య నేల వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు, చీమలు కూడా లేవు. "నానేటి కొంతాను బాబూ, నా బతుక్కి రంగులా. తప్పయిపోనాది, ఒగ్గేయండి," అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, మొదట హెడ్‌మాస్టరుకు, తర్వాత టీచరుకు, ఆ తర్వాత ఎందుకో అసిరమ్మకు కూడా. ఆ రాత్రి అమ్మ చీపురు తిరగేసి కొడుతుంటే అడ్డం పడ్డాడు, "దాని సదువు సాలు, ఇంక ఆ బడికి పంపను" అన్నాడు. అడ్డం పడ్డాడు గాని నోరు విప్పలేదు. నిజం చెబితే జైలు, జైలుకు పోతే ఇంట్లో పొయ్యి లేదు. అది పన్నెండేళ్ళ నూకాలుకు తెలుసు. తెలుసు కనకే అయ్యను ద్వేషించడానికి వీల్లేకపోయింది. ఆయన వంతు ద్వేషం కూడా తెచ్చి టీచరు వంతులో కలిపేసింది. ఒక్క మనిషి మీద ఇద్దరి బరువు. అందుకే ఇన్నేళ్ళయినా తరగలేదు.

రెండేళ్ళ కిందట పెద్దాసుపత్రిలో, కళ్ళు పసుపు ముద్దలైపోయి, పొట్ట ఉబ్బి, మూడో రోజున అయ్య తన వేళ్ళు వెతుక్కుని పట్టుకున్నాడు. అప్పటికే ఈ రంగుల పనికి పేరొచ్చింది తనకు. గోళ్ళ మీద చుక్కలు తడుముతూ అన్నాడు, "ఆయేల నాను నోరిప్పనేకపోనాను గుంటా." "ఒగ్గేయ్ అయ్యా," అంది. "మీ అమ్మకి మాత్తరం సెప్పకు. నా మీద దానికి శానా నమ్మకం." చావబోతూ కూడా అదే అడిగాడు. నూకాలు గంజి చెంచాతో ఆయన నోటికి అందించింది. సరే అనలేదు. కాదనలేదు. గంజి సగం గడ్డం మీదికి కారింది, కొంగుతో తుడిచింది.

కుడి బొటనవేలు ఆఖరిది. గోటి చుట్టూ చర్మానికి అంటిన రంగును సూదిమొనతో తీయాలి. సూది పట్టుకుంది. గోటికీ కండకూ మధ్య సందు ఎంత లేతగా ఉంటుందో తనకు తెలిసినట్టు ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఒక్క జారు. "అయ్యో, కదిలారమ్మా," అంటే చాలు, ఎవరు కాదంటారు? రక్తం చుక్క తడి రంగులోకి పాకుతుంది, ఏది రంగో ఏది రక్తమో. సూదిమొన అక్కడే ఆగింది. టీచరు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆవిడ సూది వైపే చూస్తోంది, పంటి నొప్పికి నోరు తెరిచిన మనిషిలాగా ఓర్పుగా. అప్పుడు తెలిసింది నూకాలుకు. తెలిసే వచ్చింది. పొడిచినా పొడిపించుకుందామనే వచ్చింది. ఆ ఓర్పు చూసేసరికి పొడవాలన్న కోరికే వికారంగా అనిపించింది, ఇంకొకరు వడ్డించిన కూడులా. అంచు శుభ్రంగా తుడిచి సూది పెట్టెలో పడేసింది.

"అయిపోనాది. ఇంక పావుగంట పైనే ఆరాలి. దేన్నీ ముట్టుకోకండి."

టీచరు రెండు చేతులూ మోకాళ్ళ మీద తలగడపై చాపి కూర్చుంది. పది వేళ్ళూ విడివిడిగా. చెమటకు కళ్ళజోడు ముక్కు మీదనుంచి జారుతోంది, పైకి తోసుకోవడానికి చెయ్యి లేదు. బుగ్గ ఎగరేసి చూసింది, మొహం పైకెత్తి చూసింది. జోడు ఇంకాస్త జారింది. నూకాలు ఎదురుగా కూర్చుని సీసాల మూతలు బిగిస్తూ చూసింది. సాయం చెయ్యలేదు.

"నువ్వు సూరన్న కూతురివి కదూ," అంది టీచరు చివరికి. "నూకాలువి."

నూకాలు ఇంకో సీసా మూత బిగించింది.

"ఆ సీసా దొరికింది. ఆ వారంలోనే. నా బ్యాగు లోపలి గుడ్డ చిరిగి అందులోకి జారిపోయింది." గొంతు చిన్నదైపోయింది. "చెప్పేద్దామనుకున్నాను. అప్పటికే నువ్వు బడి మానేశావు. నాది కొత్త ఉద్యోగం. అందరి ముందూ అంత రభస చేసి, ఇప్పుడు నా బ్యాగులోనే ఉందని ఎలా... రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని."

వారంలోనే. వారం అంటే ఏడు రోజులు. వేలికి గుడ్డకట్టు ఇంకా విప్పనే లేదు. హాజరు పట్టీలో పేరు ఇంకా కొట్టెయ్యలేదు. నూకాలు ఎన్నో ఊహించుకుంది, సీసా ఇంకెవరో దొంగిలించారనీ, టీచరే కావాలని దాచిందనీ. ఇలా గుడ్డ చిరుగులో పడి ఉంటుందని ఊహించలేదు. తన బడి, తన లెక్కలు, అమ్మ చూపు, అన్నీ ఒక చిరుగులోంచి జారిపోయాయి.

"మరి పద్నాలుగేళ్ళకి ఇయేల ఎందుకు సెప్తన్నారు?"

"భీమశంకరరావు గారింట్లో నిన్ను చూసినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు."

"ఆళ్ళకి నాను సెప్పేత్తాననా?"

టీచరు తలదించుకుంది. జోడు ముక్కు కొసకు వచ్చి ఆగింది. "అదీ ఉంది," అంది. "అదొక్కటే కాదు. నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు."

నమ్మింది నూకాలు, అదే బాధ. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. "క్షమించు" అన్న మాట ఆవిడ నాలిక చివర కనిపిస్తోంది, అది బయటికి రాకముందే లేచి నిలబడింది. క్షమాపణ ఇక్కడ, ఈ నాలుగు గోడల మధ్య, గుసగుసగా చెప్పేసుకుని ఆవిడ తేలికై వెళ్ళిపోతుంది. చిన్నబుచ్చింది మాత్రం వరసలు కట్టిన బడి ముందు.

"నాకు కాదు సెప్పాల్సింది. మాయమ్మ బైటుంది. ఆవిడికి సెప్పండి. గట్టిగా సెప్పండి, సెవులు సరిగ్గా ఇనపడవు."

టీచరు లేచింది. తడి వేళ్ళు పదీ గాలిలో చాపుకుని, మోచేత్తో తలుపు నెట్టి, గడప దాటి అరుగు మీద నిలబడింది. ఎండ. నెత్తళ్ళు వెండిపొడిలా మెరుస్తున్నాయి. "అమ్మా, ఆనాడు మీ అమ్మాయి తీయలేదు," అంది.

"ఏటీ?" అంది గంగాలమ్మ.

"సీసా. మీ అమ్మాయి తీయలేదు."

"ఏటో, ఇనపడ్లేదమ్మా. గట్టిగా సెప్పు."

ఎదురింట్లో వల కుట్టుకుంటున్న చిట్టమ్మ తల ఎత్తింది. పక్క గుమ్మంలో ఇంకెవరో. టీచరు కళ్ళు మూసుకుంది. అప్పుడు వచ్చింది ఆ గొంతు, ప్రార్థన వరసలో ఆఖరి పిల్లకు కూడా వినపడే గొంతు, పద్నాలుగేళ్ళుగా నూకాలు చెవుల్లో ఉన్న గొంతు. "మీ నూకాలు దొంగతనం చెయ్యలేదమ్మా! నా సీసా నా బ్యాగులోనే ఉంది! తప్పు నాదే!"

కాకులు ఒక్కసారిగా లేచాయి. గంగాలమ్మ చేతిలో కర్ర కదల్లేదు. ఆవిడ టీచరు వైపు చూడలేదు, గడపలో నిలబడ్డ కూతురి వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఈ చూపు కోసం నూకాలు ఎన్ని మాటలు అల్లిపెట్టుకుందో, ఎన్నిసార్లు దీన్ని ఊహించుకుంటూ నిద్రపోయిందో. అమ్మ ఏడుస్తుంది, కావలించుకుంటుంది, లేదా కాళ్ళు పట్టుకోబోతే తనే ఆపుతుంది. అమ్మ ఏడవలేదు.

"మరయితే నీకా రంగెక్కడిదే?"

ఊహల్లో ఈ ప్రశ్న ఎప్పుడూ లేదు. నేస్తురాలు రాసిందని మళ్ళీ అనొచ్చు. దారిలో దొరికిందనొచ్చు. అయ్య గంజి కారిన గడ్డం, పసుపు కళ్ళు, దానికి నా మీద శానా నమ్మకం. ఆ నమ్మకాన్ని కాపాడింది ఎవరు? ఆయన కాదు, తను. పన్నెండేళ్ళ పిల్ల వీపు మీద మోసింది ఆ నమ్మకాన్ని. ఇప్పుడు తన పేరు తుడుచుకోవాలంటే ఆయన పేరు మీద చెయ్యి పడాలి, వేరే గుడ్డ లేదు. టీచరు వైపు చూసింది, ఆవిడ మొహంలో కూడా అదే ప్రశ్న. ఆవిడకూ తెలియదు కదా ఇన్నాళ్ళూ.

"అయ్య తెచ్చేడు," అంది. "జపానోడి ఓడ కాణ్ణుంచి. రెండు వంజరాలిచ్చి."

"మీ అయ్య?"

"ఆఁ."

"ఆయేల బళ్ళో నుంచునే ఉన్నాడు గదే. అడిగితే తెలీదన్నాడు గదే."

"అన్నాడు."

"తెలిసా?"

"తెలిసే. కస్టమ్సోళ్ళకి బయపడి."

చిట్టమ్మ సూది వలలోనే ఉండిపోయింది. గౌరీశ్వరి టీచరు వాళ్ళిద్దరి మధ్య పది వేళ్ళూ చాపుకుని నిలబడి ఉంది, ఇప్పుడావిడ ఎవరికీ అక్కర్లేని మనిషి. మెల్లగా కిందికి దిగింది. చెప్పులకు బకిల్స్ ఉన్నాయి. "నూకాలూ, కాస్త ఇవి..." అంది. "ఆరేక తొడుక్కోండి," అంది నూకాలు. ఆవిడ ఆగలేదు. బకిల్స్ పెట్టుకోకుండానే చెప్పుల్లో కాళ్ళు దూర్చి, జారే కళ్ళజోడుతో, చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ సందు చివరికి నడిచింది. మలుపు దగ్గర తూలి గోడ పట్టుకుంది. ఆ బొటనవేలు పాడైపోయి ఉంటుంది. పిలిచి సరిచెయ్యొచ్చు, ఒక నిమిషం పని. నూకాలు పిలవలేదు.

గంగాలమ్మ నెత్తళ్ళ మధ్య కూర్చునే ఉంది. కాకులు తిరిగి వాలి, ఒకటి ఆవిడ కాలి పక్కనే చేప ఎత్తుకుపోయింది. అయినా అదిలించలేదు. చుట్ట వెలిగించుకోబోయి పక్కన పెట్టేసింది.

"నాకెప్పుడూ ఏటీ తేనేదు," అంది, ఎవరితోనూ కాదు.

తర్వాత కర్ర ఊని లేచింది. పెనిమిటి పేరు ఆవిడ పుట్టి బుద్ధెరిగి పలకలేదు, ఓటరు పట్టీ రాసేవాళ్ళు వచ్చి అడిగినా పక్కింటివాళ్ళచేత చెప్పించేది, ఆయన పోయిన పదిరోజులూ ఏడుపుల్లో కూడా పేరు ఎత్తలేదు. ఇప్పుడు కర్ర ఎత్తి కాకుల మీదికి విసురుతూ, పేటంతా వినపడేలా అరిచింది. "ఓరి సూరన్నా! నా గుంటని దొంగని సేసి నా నోట అన్నం పెట్టినావురా సూరన్నా! నాసేత దాన్ని కొట్టించినావురా! ఓరి సూరన్నా!"

గుమ్మాల్లోంచి జనం బయటికి వచ్చారు. చిట్టమ్మ వల పక్కన పడేసి పరుగెత్తుకొచ్చి, "ఓలప్పా, పోయినోణ్ణి అలగనకూడదే, ఆపే నూకాలూ, మీ అమ్మనాపు," అని చెయ్యి పట్టుకుని కుదిపింది. నూకాలు గడపలోనే నిలబడింది. అమ్మ అరుస్తూ ఉంటే ఒక్కొక్క మాటా వింది. ఆపమని ఒక్కసారి కూడా అనలేదు.